ఆయ్ అన్నందుకు

మా వియ్యపురాలు మంగతాయారుది అమలాపురం దగ్గర పల్లె, మాది నరసరావుపేట. పెళ్ళి మాటలప్పుడే నాకు ఆవిడతో పేచీ వచ్చింది. “పెళ్ళి మా ఊళ్ళోనే చేయాలి వదినగారూ” అన్నాను. “ఆయ్” అంది. “వంటవాళ్ళను మేమే పెట్టుకుంటాం” అన్నాను. “ఆయ్” అంది. ఇంత నెమ్మదస్తురాలు దొరికిందేమిటా అని మురిసిపోయాను. తీరా శుభలేఖ చూస్తే పెళ్ళి అమలాపురంలో, వంటవాళ్ళు వాళ్ళవాళ్ళు. ఇదేమిటని ఫోన్లో నిలదీస్తే, “మీరు చెప్పింది విన్నానని అన్నానండి. ఒప్పుకున్నానని కాదండి” అంది నిదానంగా.

కోనసీమ వాళ్ళ ‘ఆయ్’ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో మర్యాదకు అనే మాట అది. నా చెవి ఇటే ఉంది, మీరు కానివ్వండి అని. అవునని కావచ్చు, ఒక్క ముక్కా అర్థం కాలేదనీ కావచ్చు. అప్పటినుంచి ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా నేను, “ఏ ఆయ్ వదినగారూ, విన్న ఆయా, ఒప్పుకున్న ఆయా?” అని ఏడిపిస్తూనే ఉంటాను. వియ్యపురాలిని ఏడిపించుకోలేకపోతే ఇంక ఆ వరస ఎందుకు?

నేను పెర్త్‌లో పెద్దకొడుకు ద్వారకానాథ్ దగ్గర, పియారా వాటర్స్‌లో ఉంటాను. చిన్నవాడు వెంకీ, కోడలు సింధుజ ఉండేది వారాడిన్‌లో. తూర్పుకి మూడు గంటల దారి. దారి పొడుగునా గోధుమ పొలాలు, వాటి తర్వాత మళ్ళీ గోధుమ పొలాలు. ఊరంటే ఒక పబ్బు, ఒక మందుల షాపు, ధాన్యం పోసే సైలోలు. సింధుజ ఆ మందుల షాపులో ఫార్మసిస్టు. పల్లెల్లో పనిచేస్తే వీసా తేలిగ్గా వస్తుందని వెళ్ళారు, ఊరు నచ్చి ఉండిపోయారు. భర్త ఉపేంద్ర గారు పోయాక మంగతాయారు కూడా కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆ ముగ్గురే, నేను వెళ్తే నలుగురం. వెళ్ళినప్పుడల్లా ఇండియన్ షాపులో కందిపప్పు, చింతపండు, ఇంగువ కొని మోసుకెళ్తాను. చింతపండు ఎంత పట్టుకెళ్ళినా ఆవిడకు చాలదు. సగం పులుసుల్లోకి పోతుంది, సగం ఇత్తడి తోమడానికి.

ఇత్తడి అంటే ఆవిడకు అంత పట్టింపు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఆవిడ బడిలో కుట్టు టీచరుగా చేసింది. రోజంతా ఆడపిల్లలకు కాజాలు కుట్టడం, గొలుసుకుట్టు నేర్పి ఇంటికొస్తే, వాకిట్లో అత్తగారు తోమాల్సిన గిన్నెలు గుట్ట వేసి కూర్చునేదట. “మా అత్తగారు నేను తోమిన చెంబులో పళ్ళు చూసుకునేవారండి. పళ్ళు కనపడకపోతే చెంబు పెరట్లోకి గిరాటేసేవారు” అని ఆవిడే చెప్పింది. అత్తగారు పోయి ఎన్నేళ్ళయినా ఆ చెంబు ఇంకా గిరాటు పడుతుందేమోనన్న భయం ఆవిడ చేతుల్లో ఉండిపోయింది. మనకు బాధ వస్తే ఏడుస్తాం. ఆవిడ చింతపండు నానబెట్టుకుంటుంది.

వారాడిన్‌లో మూతపడ్డ బ్యాంకు ఒకటి ఉంది. రాతి గోడలు, పైన రేకులు. దాన్ని ఇప్పుడు ఆర్కైవ్ అంటారు. ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళల్లోని జ్ఞాపకాల వస్తువులు తెచ్చి అక్కడ దాచిపెడతారు. ఎవరి తాతగారిదో గొర్రెల బొచ్చు కత్తిరించిన కత్తెర, ఏ పాపకో బాప్తిస్మం నాడు వేసిన గౌను, చచ్చిపోయిన కుక్క మెడపట్టీ, అగ్గిపెట్టెలో ఒక పాలపన్ను. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. మన వీధిలోకి పాత సామాన్లకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వస్తే, ఈ గదిలో ఉన్నవన్నీ వేసినా ఒక గిన్నె ఇవ్వడు. వీళ్ళు వాటికి నంబర్లు కట్టి, మెత్తటి కాగితంలో చుట్టి, ఒకప్పుడు డబ్బు దాచిన ఇనప గదిలో పెట్టి తాళం వేస్తున్నారు.

అక్కడ పెత్తనమంతా గ్లెనిస్ అనే ఆవిడది. బడిపంతులుగా చేసి రిటైరయింది. సింధుజే వాళ్ళమ్మను తీసుకెళ్ళి పరిచయం చేసింది, ఇంట్లో ఒక్కతే కూర్చుని తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోందని. గ్లెనిస్ ఆరోజు అంచు ఊడిన గౌను ఒకటి ముందేసుకుని దిగులుగా చూస్తోందట. మంగతాయారు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూసి, సూది ఇమ్మని చేత్తో సైగ చేసింది. అంతే, గురువారం గురువారం వెళ్ళడం మొదలైంది. ఒక్కో వస్తువు కొలత తీసి పల్చటి నూలు గుడ్డతో సంచి కుట్టి తొడగడం ఆవిడ పని. ఆ కుట్లు చూడడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారని మా వెంకీ చెప్పాడు. నేను సంతోషించాను. పైకి మాత్రం, “ఏంది వదినగారూ, సామాన్లకు గౌన్లు కుడుతున్నారంట!” అన్నాను.

గ్లెనిస్‌కు ఆవిడంటే మరీ ఇష్టం కలగడానికి ఇంకో కారణం ఉంది. గ్లెనిస్ అమ్మమ్మ స్కాట్లాండు నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ భాషలో అవును అనడానికి ‘ఆయ్’ అంటారట. ఏది చెప్పినా మంగతాయారు ఆయ్ అనేసరికి, మా అమ్మమ్మ మాట మీ నోట్లో వింటున్నాను అని కౌగిలించుకుందట. ఇది విని నేను కడుపు పట్టుకుని నవ్వాను. “చూసుకోండి వదినగారూ, ఈ ఊళ్ళో మీకు ఒకటే ఆయ్. ఒప్పుకున్న ఆయ్. జాగ్రత్త!” అన్నాను. సరదాకే అన్నాను.

మొదటిరోజే గ్లెనిస్ ఆవిడకు నియమాలన్నీ చెప్పింది. పెన్ను పట్టకూడదు, పెన్సిలే వాడాలి. టీ కప్పు బల్ల దగ్గరికి తేకూడదు. వస్తువులను కడగకూడదు, తుడవకూడదు, వచ్చినవి వచ్చినట్టే ఉండాలి. ఇంగ్లీషులో, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అన్నింటికీ మంగతాయారు ఆయ్ అంది.

ఒక గురువారం క్లెమ్ అనే ముసలాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడు, ఎవరో కారులో దింపితే. ఎనభై దాటిన రైతు. పెళ్ళాం పిల్లలు లేరు. పొలం అమ్మేసి, ఊరి ఆసుపత్రి వెనకున్న వృద్ధుల హోమ్‌కి మారబోతున్నాడు. గ్లెనిస్‌తో ముందే ఫోన్లో మాట్లాడాడు గానీ, ఆయన వచ్చిన వేళకు గ్లెనిస్ పంటి డాక్టరు దగ్గర ఉంది. తలుపు తీసింది మంగతాయారు. ఆయన దుప్పట్లో చుట్టిన వస్తువు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తల దించుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. ఆ పల్లె ఇంగ్లీషు నోరు విప్పకుండా మాట్లాడే ఇంగ్లీషు. ఆవిడకు అందిన ముక్కలు ముచ్చటగా మూడు: మమ్. నెవర్. క్లీన్.

దుప్పటి విప్పితే ఇత్తడి పళ్ళెం. పెద్దది, నలుగురికి టీ కప్పులు పెట్టేంత. నల్లగా, మట్టి కొట్టుకుపోయినట్టుగా ఉంది. ఆ మూడు ముక్కలూ ఆవిడ మనసులో చక్కగా అతుక్కున్నాయి. అమ్మ పోయాక దీన్ని తోమే దిక్కు లేకపోయింది, పాపం. ఆడకూతురు లేని ఇల్లు. అందుకే ఈ ముసలాయన తల ఎత్తలేక సిగ్గుపడుతున్నాడు.

“ఆయ్” అంది మంగతాయారు, జాలిగా. ఆయన ఆవిడ చెయ్యి తట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి గురువారం ఆవిడ డబ్బాలో చింతపండు, కాగితంలో ఉప్పు కట్టుకుని వెళ్ళింది. బ్యాంకు వెనక చిన్న వంటగదిలో సింకు దగ్గర నిలబడి తోమింది. ఎప్పుడూ కూచునే తోమే మనిషి, నిలబడి తోమేసరికి నడుం పట్టేసిందట. మిగతా అంతా తొందరగానే వచ్చిందిగానీ ఒక మూల మచ్చలు మాత్రం పోలేదట. మళ్ళీ ఉప్పు వేసి, బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి నొక్కి రుద్దింది. చివరికి పళ్ళెంలో పళ్ళు కనిపించాయి. సంచి తొడిగి, ఇనప గదిలో దాని నంబరు చోట పెట్టేసింది. ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేసింది.

“ఆ ముసలాయన చూస్తే ఎంత సంబరపడతాడోనండి వదినగారూ!”

ఆ తర్వాత కొద్ది రోజులకే నేను పది రోజులుందామని వారాడిన్ వెళ్ళాను. ఆదివారం ఆర్కైవ్‌లో ప్రదర్శన ఉంది, వస్తువులిచ్చిన వాళ్ళందరూ వస్తారు. గురువారం నన్ను కూడా సాయానికి తీసుకెళ్ళింది. నా ఇంగ్లీషు కొంచెం నయం, తాలూకా ఆఫీసులో టైపిస్టుగా చేసినదాన్ని. గ్లెనిస్ కెమెరా సరిచేసుకుంటూ, చెయ్యి ఉన్న పళ్ళెం పట్టుకురమ్మంది. చెయ్యి ఉన్న పళ్ళెమేమిటో నాకు అర్థం కాలేదు. మంగతాయారు లోపలికి వెళ్ళి, పెళ్ళికూతురిని తెచ్చినట్టు రెండు చేతులతో పళ్ళెం తెచ్చి, సంచి తీసి, బల్ల మీద పెట్టింది. కిటికీ వెలుగు దాని మీద పడి గ్లెనిస్ మొహం పసుపుగా మెరిసింది.

గ్లెనిస్ కెమెరా కింద పెట్టేసింది. పళ్ళెం ఎత్తి ఇటు ఏటవాలుగా పట్టుకుంది, అటు పట్టుకుంది, వెనక్కి తిప్పింది.

“మంగా, చెయ్యేది?” అంది.

మంగతాయారు తన చేతులు చూసుకుంది.

గ్లెనిస్ నాకు చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండునని ప్రతి మాటకూ అనిపించింది. క్లెమ్‌కు డేవీ అని తమ్ముడుండేవాడు. నాలుగేళ్ళవాడు. ఒక క్రిస్మస్‌కు ముందు వాళ్ళమ్మ ఈ పళ్ళెం తోమి ఆరబెడితే, వాడు ఎండలో ఆడి వచ్చి చెమట చెయ్యి దాని మీద ఆనించాడు. చక్కగా అయిదు వేళ్ళూ పడ్డాయి. తోమిందంతా పాడుచేశావని వాళ్ళమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. ఆ మర్నాడే వాడు పొలంలో గొర్రెల కోసం తవ్విన నీళ్ళగుంటలో పడి చనిపోయాడు. వాళ్ళమ్మ మళ్ళీ ఆ పళ్ళేన్ని తోమలేదు. ఎవరినీ తోమనివ్వలేదు. ఏళ్ళు గడిచి ఇత్తడంతా నల్లబడింది, ఆ చెయ్యి ఇంకా నల్లబడింది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే కనిపించేది. ఆ పిల్లవాడిది ఒక్క ఫోటో కూడా లేదు.

నేను చెప్పడం పూర్తయ్యేసరికి మంగతాయారు కుర్చీ కోసం వెనక్కి తడుముకుంటోంది.

“ఆ మూల మచ్చలండి” అంది. “పోలేదని రెండోసారి రుద్దానండి వదినగారూ. ఉప్పేసి మరీ రుద్దానండి.”

గ్లెనిస్ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అంటే బాగుండేది. టీ పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఆర్కైవ్‌లో పనిచేసే మిగతావాళ్ళతో మాట్లాడి సింధుజకు ఫోన్ చేసింది. క్లెమ్‌కు చూపు పోయిందట, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదట. ఆదివారం వచ్చి పళ్ళెం చేత్తో తడుముకుని వెళ్ళిపోతాడు. ఈ వయసులో ఆయన గుండె కోయడం ఎందుకు, చెప్పొద్దు అని అందరూ అనుకున్నారట.

“అమ్మా, ఇట్స్ ఓకే. హీ వోంట్ ఈవెన్ నో. నువ్వు కావాలని చేశావా ఏంటి? ఓవర్‌థింక్ చెయ్యకు” అంది సింధుజ.

నేనూ అదే అన్నాను. దాచడం నాకేం తప్పుగా తోచలేదు, ఇప్పటికీ పూర్తిగా తోచదు. “గోటితో పొయ్యేదాన్ని గొడ్డలిదాకా ఎందుకు తెచ్చుకోవటం వదినగారూ? ఆయనకు కళ్ళు లేవు, మీకు మాట రాదు. ఊరుకుంటే అందరికీ హాయి” అన్నాను.

“ఆయ్” అంది ఆవిడ. అది ఏ ఆయో నేను అడగలేదు.

రెండు రోజులు ఆవిడ అన్నం కెలికి వదిలేసింది. చేతులు మాటిమాటికీ ఎత్తి వాసన చూసుకునేది. చింతపండు వాసన వదలడం లేదట. నాకేమీ రాలేదు, సబ్బు వాసనే వచ్చింది. శనివారం మధ్యాహ్నం కూరగాయలు తరుగుతూ, నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

“మా ఆయన పోయినప్పుడండి, పదోరోజు లోపల ఇల్లంతా కడిగించేశాను. పక్క ఇచ్చేశాను. దండెం మీద ఆయన విడిచిన చొక్కా ఒకటుందండి. ఆసుపత్రికి వెళ్ళేముందు విడిచింది. మాసిన చొక్కా ఎవరికిస్తాం, ఉతికిద్దామని నానబెట్టాను. ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, మడత పెడుతుంటే అప్పుడు అనిపించిందండి, ఆయన వాసన కోసం చూస్తే సబ్బు వాసనొచ్చింది. ఇల్లంతా వెతికానండి. దిండు గలీబు, తువ్వాలు, ఏదీ లేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నా చేత్తోనే చేసుకున్నాను. ఎవర్నని అనను?” కత్తిపీట పక్కకు జరిపింది. “అది నా మొగుడి చొక్కా. నా ఏడుపు నేనేడ్చాను. ఇది పరాయివాళ్ళ బిడ్డ చెయ్యండి వదినగారూ. ఆయనకి తెలియాలి కదండి, ఇంక లేదని. లేనిదాన్ని తడుముకుంటాడా?”

ఈ చొక్కా మాట ఇన్నేళ్ళలో ఆవిడ నాతో అనలేదు. ఎన్నిసార్లు వేళాకోళం చేశాను, మా వదినగారికి సబ్బుతో పెళ్ళయిందని! ఆవిడ జరిపిన కత్తిపీట నేను లాక్కున్నాను. “సరే, మీరు చెప్పండి, నేను ఇంగ్లీషులో అంటాను” అన్నాను.

ఆదివారం జనం బాగానే వచ్చారు. కేకులు, టీలు, ఈగలు. క్లెమ్ తెల్లచొక్కా వేసుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని గోడవార కూర్చున్నాడు. గ్లెనిస్ పళ్ళేన్ని దూరంగా, అద్దం వెనక పెట్టింది. మంగతాయారు తిన్నగా వెళ్ళి ఆయన ముందున్న కుర్చీలో కూర్చుంది. నన్ను పక్కన నిలబెట్టుకుంది. గ్లెనిస్ చూసి తల అడ్డంగా ఊపింది. మంగతాయారు చూడలేదు, చూసినా ఆగేది కాదు.

“మీ పళ్ళెం నేను తోమేశానండి. మీ తమ్ముడి చెయ్యి పోయింది. నా వల్లే పోయింది” అంది.

నా నోటికి ఆ మాటలు యథాతథంగా రాలేదు. పొరపాటున కొంచెం తుడిచిందట, చెయ్యి కొద్దిగా మాసిపోయింది అని ఇంగ్లీషులో అన్నాను. ‘ఎ లిటిల్’ అన్నది ఆవిడ చెవిన పడింది.

“లిటిల్ కాదండి వదినగారూ! మొత్తం అని చెప్పండి” అని, ఇంక నన్ను నమ్మక, ఆయన వైపు తిరిగింది. “ఐ క్లీన్. ఆల్. హ్యాండ్ నో. ఫుల్ నో. మై హ్యాండ్, మిస్టేక్.”

క్లెమ్ కప్పు కింద పెట్టబోయాడు. బల్ల ఎక్కడుందో అందలేదు. నేను అందుకున్నాను. 

“నేను అడిగాను కదా” అన్నాడు క్లెమ్, మెల్లగా. “దీన్ని ఇలాగే వదిలేస్తారా అని అడిగాను. నువ్వు ‘ఆయ్’ అన్నావు.”

నేను తెలుగులో చెప్పాను. ఆవిడ మొహం ఎలా అయిపోయిందో నేను రాయలేను. తెలియక చేశానన్న ఒక్క ఆసరా అప్పటిదాకా ఉండేది, అది కూడా పోయింది. నేనే కలగజేసుకున్నాను. మా వైపు ఆ మాటకు అర్థం వేరండీ, వింటున్నామని మర్యాదకు అంటారు, మీరు చెప్పింది ఈవిడకు అర్థం కాలేదు, ఒప్పుకోవడం కాదు అని నాకు వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. పెళ్ళి మాటలప్పుడు దేనికోసం ఆవిడతో పోట్లాడానో అదే మాటకు ఇప్పుడు ఆవిడ తరఫున ప్లీడరునయ్యాను.

ఆయన విన్నాడో లేదో తెలియదు. చెయ్యి చాపి, పళ్ళెం తెమ్మన్నాడు. గ్లెనిస్ అద్దం తీసి, పళ్ళెం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అరచేత్తో ఒకసారి అంచు నుంచి అంచుకు రాశాడు.

“తోమక ముందు చూశావా? అది ఉందా అప్పటికి?” అని అడిగాడు. “నాకు చూపు పోయి ఏళ్ళయింది. ఉందో లేదో నాకే తెలియదు. ఎవరినీ అడగడానికి భయం వేసింది.”

నేను చెప్పాను. మంగతాయారు కళ్ళు మూసుకుంది. అబద్ధం ఆడడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. చూశానండి, అయిదు వేళ్ళూ చక్కగా ఉన్నాయండి అంటే సరిపోయేది. ఆవిడ అలా అనలేదు.

“చెయ్యి అని చూళ్ళేదండి. మచ్చలనుకున్నాను. మూల ఉన్నాయి. నాలుగు ఇలా వరసగా, ఒకటి విడిగా. అవే పోలేదండి.”

“పోలేదా?”

“నాట్ గోయింగ్. వెరీ హార్డ్. టూ టైమ్స్.”

క్లెమ్ ముక్కుతో ఏదో చప్పుడు చేశాడు. ఏడుపనుకున్నాను. కాదు, నవ్వు. “వాడంతే. మొండి వెధవ. అమ్మ ఎంత లాగినా స్నానానికి వచ్చేవాడు కాదు” అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

తర్వాత అరచెయ్యి చాపాడు, ఎక్కడెక్కడో చూపించమని. మంగతాయారు బొటనవేలు ఆయన అరచేతిలో ఆనించి, ఒక్కొక్క చోటే నొక్కి చూపించింది. ఇక్కడొకటి. ఇక్కడ. ఇది కొంచెం వంకర. ఆవిడ కంటికి గుర్తు లేకపోయినా, రుద్దిన వేలికి గుర్తుంది. పొలం పని చేసిన ఆ పెద్ద చేతిలో ఆ అయిదు చోట్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంత చిన్న చెయ్యి.

ఆయన పరవాలేదు అనలేదు. నేను ఆ మాట కోసమే ఎదురుచూశాను. లేచి వెళ్ళేటప్పుడు, “నువ్వు తోమకుండా ఉంటే బాగుండేది” అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, “గురువారం హోమ్‌కి రా. మళ్ళీ చూపించు” అన్నాడు. మంగతాయారు ఆయ్ అనలేదు. ఏమన్నాడో నాతో రెండుసార్లు చెప్పించుకుని, అప్పుడు “ఎస్” అంది.

ఇప్పుడు ఆవిడ గురువారం పొద్దున ఆర్కైవ్‌కి, అక్కణ్ణుంచి హోమ్‌కి వెళ్తోంది. పళ్ళెం ముందు గ్లెనిస్ పెట్టిన చీటీలో, శుభ్రం చేయడం వల్ల గుర్తు చెరిగిపోయింది అని మాత్రమే ఉండేది. మంగతాయారు ఒప్పుకోలేదు. ఎవరు చేశారో రాయమంది. వాలంటీర్ల పేర్లు వేయకూడదని గ్లెనిస్ అంటే, అయితే నేను రాను అంది. ఇప్పుడు ఆ చీటీలో ఆవిడ పేరుంది, అందరూ చదువుకునేలా. సింధుజకు అది తలవంపులుగా ఉంది. ఊళ్ళో మందుల షాపుకు వచ్చేవాళ్ళందరూ అది చదివినవాళ్ళే. ఆవిడకు మాత్రం ఆ పేరు అక్కడ లేకపోతే నిద్ర పట్టదట.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. దేవుడి గూట్లో దీపపు కుందులు నల్లగా ఉన్నాయి. హారతి పళ్ళెం ఇంకా నలుపు. ఆ ఇంట్లో అలాంటిది చూస్తానని కలలో కూడా అనుకోలేదు. నాకు చేతులు ఆగలేదు. నేను తెచ్చిన చింతపండు పొట్లం విప్పి గిన్నెలో వేశాను. కుంది చేతిలోకి తీసుకున్నాను.

ఆవిడ వచ్చి మెల్లగా నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ చూసింది. అది ఉపేంద్ర గారు రోజూ పొద్దున వత్తి వేసిన కుంది అని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“ఏమీ లేదులెండి. ఎప్పుడో తోమేశాను” అంది. “అయినా ఉండనివ్వండి వదినగారూ. ఇంక దేన్నైనా తోమేముందు, దాని మీద ఎవరి చెయ్యి ఉందో కనుక్కుని తోమండి.”

“ఆయ్” అన్నాను నేను. అర్థమయ్యే అన్నాను.